బరువైన రేజరు కొన్నాక దవడ కింద తెగుతోంది. లోపం బరువుదా, సమతూకానిదా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం), శనివారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పదిహేనేళ్లుగా మా నాన్నగారి పాత సేఫ్టీ రేజరుతోనే గడ్డం గీసుకుంటున్నాను. మూడు ముక్కల రేజరు (తలలో పై పలక, కింది పలక, ఆపైన పిడి), పిడి లోపల డొల్ల. పైపూత పోయి అక్కడక్కడా ఇత్తడి కనిపిస్తుంది. ఈ మధ్య మనసు పడి స్టెయిన్‌లెస్ స్టీలు రేజరు ఒకటి తెప్పించాను. చేతిలోకి తీసుకుంటే చిన్న సుత్తిలా ఉంది. ఏడు రోడ్ల కూడలి దగ్గర మిత్రుడికి బంగారం కొట్టు ఉంటే అతని త్రాసు మీద రెండూ పెట్టించాను. పాతది 48 గ్రాములు, కొత్తది 108. గొలుసు తూయించుకోవడానికి వచ్చిన ఒకావిడ నన్ను అదోలా చూశారు.

బుగ్గల మీద కొత్త రేజరు వెన్నలా జారుతోంది. దవడ ఎముక దాటి మెడ వైపు దిగే చోట మాత్రం, అదీ ఎడమ వైపే, వారంలో నాలుగు రోజులు తెగుతోంది. పటిక ముక్క సగం అరిగిపోయింది. బ్లేడు మార్చలేదు, సబ్బు మార్చలేదు. "నొక్కవద్దు, బరువే పని చేసుకుపోతుంది" అని అందరూ అంటారు. మరి పని చేసుకుపోవలసిన బరువు నన్నెందుకు కోస్తోంది?

---

సాలూరు_లోడు (సాలూరు), శనివారం రాత్రి 9:41

బరువు తప్పేమీ లేదండీ. మా ఊళ్లో ఏ డ్రైవరునైనా అడగండి. ఖాళీ లారీ ప్రతి గతుకుకీ ఎగురుతుంది, లోడు పడితే నిమ్మళంగా పోతుంది. నాది 120 గ్రాముల పైమాటే. రెండేళ్లలో ఒక్క గాటు లేదు. నెల రోజులు ఓపిక పట్టండి, చేయి దానంతటదే అలవాటు పడుతుంది.

---

ఘంటస్తంభం (విజయనగరం), శనివారం రాత్రి 9:58

ఓపిక పట్టే లోపు మెడ మిగలాలి కదా! నాగావళి గారూ, రేజరును ఎక్కడ పట్టుకుంటున్నారు? కొసనా, మధ్యనా, తల కిందా? అది తెలియకుండా ఎవరు ఏం చెప్పినా సోదె చెప్పినట్టే.

---

నాగావళి_ఒడ్డు, శనివారం రాత్రి 10:15

కొసనే. చిటికెన వేలు పిడి అడుగున ఆనించి పట్టుకుంటాను. పాత రేజరు అలాగే అలవాటు. అది పొట్టిది కూడా, మొత్తం ఎనిమిది సెంటీమీటర్లు. కొత్తది తొమ్మిదిన్నర.

---

లేతుమిషను (విజయనగరం), ఆదివారం ఉదయం 7:05

ఇది చదివాక నిద్ర పట్టలేదు. మాది చిన్న లేతు షెడ్డు. రేజరు పిడులు సరదాగా తీస్తుంటాను, ఇప్పటికి ఓ పాతిక తీసి ఉంటాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు బ్లేడు తీసేసి, రేజరు బిగించి, చూపుడు వేలి మీద అడ్డంగా పెట్టండి. అటూ ఇటూ ఒరగకుండా నిలబడే చోట స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. పాత దానికీ, కొత్త దానికీ. ఆ గీతే మీ రేజరు జాతకం.

త్రాసు చెప్పేది మొత్తం బరువు ఒక్కటే. అది తలలో ఎంత, పిడిలో ఎంత అన్నది చెప్పదు. ఒకే కొలతలతో పిడి తీశాననుకోండి. అల్యూమినియంతో తీస్తే ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. టైటానియం నాలుగున్నర, స్టీలు ఎనిమిదికి కాస్త తక్కువ, ఇత్తడి ఎనిమిదిన్నర. కొత్త రేజర్ల తలలు చాలావరకు జింకు మిశ్రమం పోతపోసి క్రోమియం పూసినవి, అది ఆరున్నర పైచిలుకు. అందువల్ల జింకు తలకు అల్యూమినియం పిడి బిగిస్తే తల బరువు, ఇత్తడి పిడి బిగిస్తే తోక బరువు. రెండూ ఒకే దుకాణంలో పక్కపక్కన వేలాడుతుంటాయి, ముఖం మీద మాత్రం వేరు వేరు పనిముట్లు.

మీ నాన్నగారి రేజరు పిడి డొల్ల కాబట్టి బరువంతా తల దగ్గరే ఉంటుంది. గీత తల కింద రెండు సెంటీమీటర్ల లోపే వస్తుందని నా అంచనా. కొత్తది నిండు స్టీలు కడ్డీ, గీత ఇంకా కిందికి రావాలి. కొలిచి చెప్పండి.

ఇంకో మాట. తొందరపడి పాత పిడికి కొత్త తల బిగించే ప్రయత్నం చేయకండి. పాత జిల్లెట్ మర, ఇప్పటి రేజర్ల అయిదు మిల్లీమీటర్ల మర చూడటానికి కవలల్లా ఉంటాయి, కానీ ఒకటి కాదు. బలవంతంగా తిప్పితే రెండూ పాడవుతాయి. నేను ఒకటి పాడుచేసుకున్నాకే చెబుతున్నాను.

---

నాగావళి_ఒడ్డు, ఆదివారం ఉదయం 8:30

కొలిచాను. తల పైఅంచు నుంచి పాత దానికి 1.8 సెంటీమీటర్లు, కొత్త దానికి 3.1. మీ అంచనా అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కానీ ఒక అనుమానం. తోక బరువు పెరిగితే తల తేలిక కావాలి కదా? నాకు తలే కిందికి లాగేస్తున్నట్టు ఉంది.

---

రాజాం_మాస్టారు (రాజాం), ఆదివారం ఉదయం 10:10

మంచి ప్రశ్న. ఆదివారం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని, కొంచెం సుద్దముక్క వాసన వస్తే భరించండి.

లేతుమిషను గారు పెట్టించిన గీతను పాఠ్యపుస్తకంలో గరిమనాభి అంటాం. మీ చేతికి తెలిసేది బరువు కాదు, ఆ గీతకూ మీ వేళ్లకూ మధ్య దూరంతో బరువును గుణిస్తే వచ్చే భ్రామకం. పాత రేజరును కొసన పట్టుకుంటే దూరం 6.2 సెంటీమీటర్లు. దాన్ని 48తో గుణిస్తే సుమారు 298. కొత్తదాన్ని కొసన పట్టుకుంటే దూరం 6.4, బరువు 108. గుణిస్తే 691. మీ మణికట్టు ఇదివరకు మోసినదానికి రెండింతల పైన మోస్తోంది. అందుకే తల లాగుతున్నట్టు ఉంది. మీకు తెలియకుండానే వేళ్లు బిగుసుకుంటాయి. వేళ్లు బిగిస్తే నొక్కుడు పెరుగుతుంది.

అదే రేజరును తల నుంచి నాలుగు సెంటీమీటర్ల దగ్గర పట్టుకోండి. గీతకూ వేళ్లకూ దూరం 0.9. గుణిస్తే 97. ఏడో వంతు!

విజయనగరం మిత్రులకు ఇది నేను చెప్పాలా? ఏటా దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను చూస్తూనే ఉంటారు. యాభై అడుగుల పైబడిన మాను కొసన పూజారి కూర్చుంటారు. బండి మీద ఇరుసు ఎక్కడ పడాలి, మొదలు దగ్గర ఎంత బరువు ఉండాలి అన్నది కుదిరాకే కొస లేస్తుంది. మాను బరువు తగ్గించి ఎవరూ లేపరు.

ఇక "బరువే పని చేసుకుపోతుంది" అనే మాట. బరువు ఎటు లాగుతుంది? నేల వైపు. అద్దం ముందు నిలబడితే మీ బుగ్గ గోడలా నిలువుగా ఉంటుంది. రేజరు బరువు బుగ్గ వెంబడి కిందికి లాగుతుందే గాని బుగ్గ లోపలికి నొక్కదు. పైనుంచి కిందికి గీసేటప్పుడు ఆ లాగుడు మీకు సాయం, అందుకే వెన్నలా జారుతోంది. కింది నుంచి పైకి ఎదురు గీసేటప్పుడు అదే బరువును మీరు ఎత్తాలి.

అసలు చిక్కు దవడ కింద. తల మామూలుగా నిలిపి ఉంచితే అక్కడి చర్మం నేల వైపు చూస్తుంది. రేజరు బరువు చర్మం నుంచి దూరంగా పోతుంది. అది జారిపోకుండా మీరు చేత్తో పైకి అదుముతారు. 108 గ్రాములను మోయడానికి కొంత, బ్లేడును ఆనించడానికి కొంత. ఎంత అదుముతున్నారో మీకే అంచనా ఉండదు. దవడ మలుపు దాటగానే ఆ ఒత్తిడంతా ఒకే చోట పడుతుంది. తలను బాగా వెనక్కి వాల్చి, ఫ్యాను వైపు చూస్తూ, రెండో చేత్తో చర్మాన్ని మెడ కిందికి లాగి పట్టి గీసి చూడండి.

---

సాలూరు_లోడు, ఆదివారం ఉదయం 10:52

మాస్టారూ, లెక్క బాగుంది. కానీ తేలిక రేజరుతో నాకు చేయి అదిరేది, దీనితో అదరదు. మీ లెక్కలో అది ఎక్కడ ఉంది?

---

రాజాం_మాస్టారు, ఆదివారం ఉదయం 11:20

అది జడత్వం, మీ లారీ పోలిక అక్కడ నూరుపాళ్లూ సరైనదే. బరువైన వస్తువును చిన్న అదురు కదిలించలేదు, గరుకు వెంట్రుకలు అడ్డుపడినా నడక ఆగదు. కానీ లోడు లారీ సుంకి ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకు ఎంత ముందుగా వేయాలో మీకే బాగా తెలుసు. ఆ ఘాటే దవడ మలుపు.

---

సాలూరు_లోడు, ఆదివారం ఉదయం 11:24

ఘాటు మాట ఎత్తారు, ఇక నేను మాట్లాడను.

---

పాతసామాను (పార్వతీపురం), ఆదివారం మధ్యాహ్నం 1:15

అందరూ బరువు చుట్టూనే తిరుగుతున్నారు. పాత తలలో బ్లేడు అంచు ఎంత బయటికి పొడుచుకు వస్తుంది, కొత్త తలలో ఎంత వస్తుంది? బ్లేడుకూ కింది పలకకూ మధ్య సందు ఎంత? గాటు పడాలా వద్దా అన్నది మొదట తేల్చేది అది. 1904లో జిల్లెట్ పేటెంటు తెచ్చుకున్నప్పుడు అందులో కిటుకంతా తలలోనే ఉంది. కాగితంలాంటి పలుచని బ్లేడును రెండు పలకల మధ్య వంచి బిగించి గట్టిపరచడం అది. పిడి పట్టుకోవడానికి కడ్డీ మాత్రమే. బిగింపు వదులైన తలకు రెండు వందల గ్రాముల పిడి తగిలించినా బ్లేడు కంపిస్తుంది, గీకుతుంది.

నా దగ్గర ముప్పై దాకా పాత రేజర్లు ఉన్నాయి. వాటిలో నాకు ఇష్టమైనది నలభై గ్రాములు కూడా లేని అల్యూమినియం పిడి. కాబట్టి...

---

లేతుమిషను, ఆదివారం మధ్యాహ్నం 1:40

ఒప్పుకుంటాను. ఆయన రెండు తలలూ వేరు కాబట్టి పోలిక పూర్తిగా న్యాయం కాదు. తల మార్చకుండా తూకం ఒక్కటే మార్చి చూస్తే గాని తేలదు. నాగావళి గారూ, పాత అయిదు రూపాయల బిళ్లలు, ఆ లావుపాటివి, ఇంట్లో ఉన్నాయా? ఒక్కొక్కటి సరిగ్గా తొమ్మిది గ్రాములు. రెండు తీసుకుని పిడి అడుగున టేపుతో చుట్టండి.

---

నాగావళి_ఒడ్డు, సోమవారం ఉదయం 7:50

చుట్టాను. నా కొడుకు చూసి "నాన్నా, రేజరుకు దిష్టి తీస్తున్నావా" అన్నాడు.

మొత్తం 126 గ్రాములు అయింది, గీత 4.1కి దిగింది. కొసన పట్టుకుని గీశాను. బుగ్గ మీద పిడి కొస కిందికి వాలిపోతోంది. వాలినప్పుడల్లా బ్లేడు చర్మం మీద నిటారుగా నిలబడి బరబరా గీకుతోంది. పై పెదవి మీద, ముక్కు కింద మరీ ఇబ్బంది, తోక ఎటో పోతుంది తల ఎటో పోతుంది. దవడ కింద మాత్రం విచిత్రంగా కాస్త నయం. తల లాగుడు తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

---

రాజాం_మాస్టారు, సోమవారం ఉదయం 9:05

తగ్గదు. 126ను 5.4తో గుణించండి, 680 వస్తుంది. నిన్న 691. పట్టుకున్న చోటే బరువు చేరిస్తే మణికట్టు మీద భారం అంతే ఉంటుంది. గీత మీ వైపు జరిగింది, బరువు పెరిగింది, రెండూ చెల్లుకు చెల్లు.

పిడి వాలడం గురించి మీరు బాగా గమనించారు. పిడి బుగ్గకు లంబంగా ఉంటే బ్లేడు చర్మం మీద పడుకుని ఉంటుంది, ఏమీ తెగదు. పిడి బుగ్గకు సమాంతరం అయితే బ్లేడు నిలబడుతుంది, గీకుతుంది. మనకు కావలసింది ఆ మధ్యలో, చర్మానికీ బ్లేడుకూ మధ్య సుమారు ముప్పై డిగ్రీలు. తోక బరువు మీరు చూడని క్షణంలో ఆ కోణాన్ని మారుస్తుంది. దవడ కింద నయంగా అనిపించడం బిళ్లల వల్లనా, ఫ్యాను వైపు చూడటం వల్లనా? నిజం చెప్పండి.

---

నాగావళి_ఒడ్డు, సోమవారం ఉదయం 9:12

ఫ్యాను కూడా చూశాను మాస్టారూ.

---

తోటపాలెం (విజయనగరం), సోమవారం రాత్రి 8:45

నేను ఇన్నాళ్లూ చదవడమే గాని రాయలేదు. ఆడవాళ్లు ఇక్కడ రాయవచ్చో లేదో అనుకున్నాను. మాస్టారు గారు ఆదివారం రాసింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. కుడి చేయి పనిచేయదు. గడ్డం నేనే గీస్తున్నాను. మొదట్లో ప్లాస్టిక్ కార్ట్రిడ్జి రేజరు వాడాను. అది తేలిక, దాని తల తిరుగుతుంది, కొంచెం నొక్కినా ఊరుకుంటుంది. కానీ ఆయన గడ్డం మూడు రోజులకోసారి గీస్తాను, దట్టంగా ఉంటుంది, రెండు బ్లేడుల మధ్య వెంట్రుకలు ఇరుక్కుపోయేవి. అందుకని ఎవరో చెబితే బరువైన సేఫ్టీ రేజరు కొన్నాను. "నొక్కకండి, బరువే చూసుకుంటుంది" అని నాకూ చెప్పారు.

మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టి ఆయన్ను సగం పడుకోబెట్టి గీస్తాను. నొక్కలేదు, ఊరికే ఆనించాను. గీసిన చోటల్లా ఎర్రబడింది. నాన్నగారు మాట స్పష్టంగా చెప్పలేరు, కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నారు. నాకు చేయి రాదనుకుని ఏడ్చాను. ఇప్పుడు అర్థమైంది. పడుకున్న మనిషి బుగ్గ పైకప్పు వైపు చూస్తుంది, రేజరు బరువు నేరుగా చర్మం లోపలికే దిగుతుంది. మీ అందరికీ గోడ మీద గీత, నాకు నేల మీద గీత.

ఇవాళ ఒక పని చేశాను. మసాలాలు తూచుకునే చిన్న త్రాసు మీద, బ్లేడు లేకుండా, రేజరు తలను రోజూ ఆనించినట్టే ఆనించాను. నూట తొంభై చూపించింది. రేజరు బరువే తొంభై అయిదు. అంటే సగం నా చేయి, సగం రేజరు. తర్వాత పిడిని కొంచెం పైకి ఎత్తి పట్టుకుంటూ ఆనించాను. అరవైకి, యాభైకి వచ్చింది. చేయి పని నొక్కడం కాదు, మోయడం అని అప్పుడు తెలిసింది. ఇలా పది నిమిషాలు పట్టుకుంటే నా మణికట్టు నొప్పి పెడుతోంది. తేలిక రేజరు ఏదైనా ఉంటే చెప్పగలరా?

---

రాజాం_మాస్టారు, సోమవారం రాత్రి 9:10

అమ్మా, ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. మసాలా త్రాసు ఆలోచన నాకు రాలేదు.

---

మూడోతరం (విజయనగరం), సోమవారం రాత్రి 10:30

క్షౌరం మా వృత్తి. మా తాతగారు, నాన్నగారు, ఇప్పుడు నేను. ఈ అమ్మాయి రాసింది మాకు చేతిలో ఉన్న విషయమే, మాటల్లో ఎప్పుడూ పెట్టలేదు. కుర్చీ వెనక్కి వాల్చి గీస్తాం కదా. మడత కత్తి మంచిదయితే, విప్పి పట్టుకున్నప్పుడు తూకం కత్తినీ పిడినీ కలిపే మేకు దగ్గర ఉంటుంది. మూడు వేళ్లు వెన్ను మీద, చిటికెన వేలు తోక మీద. కత్తి ఎటూ ఒరగదు, ముఖం మీద వాలదు. ఇప్పుడు అందరం బ్లేడును సగానికి విరిచి పెట్టే రకం వాడుతున్నాం, అవి తేలిక. మొదట చేతికి ఏమీ లేనట్టు ఉంటుంది, కొత్త కుర్రాళ్లు అందుకే ఎక్కువ నొక్కుతారు.

అమ్మా, ఒక చిట్కా. చిటికెన వేలిని నాన్నగారి గడ్డం మీదనో బుగ్గ మీదనో ఆనించండి. చేతి బరువు, రేజరు బరువు ఆ వేలి మీద పడతాయి, బ్లేడు మీద పడవు. వేడినీళ్ల తువ్వాలు రెండు నిమిషాలు వేయండి, మూడు రోజుల గడ్డానికి ఒక నిమిషం చాలదు. మొదటి గీత రోమాల వాలుకే. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గ జారి ఉంటుంది కాబట్టి చెవి వైపు లాగి పట్టండి. ఎదురు గీయకండి, నున్నగా రాకపోయినా పరవాలేదు. ఆయన ఎక్కడికీ పెళ్లికి వెళ్లడం లేదు కదా.

---

పాతసామాను, సోమవారం రాత్రి 10:55

తోటపాలెం గారూ, నేను చెప్పిన ఆ నలభై గ్రాముల లోపు రేజరు మీకు పంపిస్తాను. ధర మాట ఎత్తకండి. తల సౌమ్యమైనది, బ్లేడు అంచు బయటికి తక్కువ పొడుచుకు వస్తుంది. నిన్న మధ్యాహ్నం రాసిన మాట సగంలో ఆపాను. ముప్పై రేజర్లు పెట్టెలో పెట్టుకుని "కాబట్టి" అంటూ కూర్చున్నానని ఇప్పుడు సిగ్గుగా ఉంది.

---

లేతుమిషను, మంగళవారం ఉదయం 6:40

పాతసామాను గారూ, తల మాత్రం పంపండి. పిడి నేను తీస్తాను. ఆమె చేతికి సన్నటి కడ్డీ జారుతుంది, నురగ చేతుల్లో మరీ జారుతుంది. అల్యూమినియంతో లావుగా, పద్నాలుగు మిల్లీమీటర్ల వ్యాసంతో, పొడవు తగ్గించి, లోపల డొల్ల చేసి ఇస్తాను. లావు పెరిగితే పట్టు పెరుగుతుంది, డొల్ల చేస్తే బరువు పెరగదు. మర కొలిచాకే కోస్తాను, ఈసారి పాడుచేయను.

నాగావళి గారూ, మీ స్టీలు పిడి కూడా తెచ్చేయండి. అడుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల బిట్టుతో నాలుగు సెంటీమీటర్ల లోతు తొలిస్తే తొమ్మిది గ్రాములు పోతాయి, అవి తోక నుంచే పోతాయి. గీత తల వైపు కొంచెం జరుగుతుంది. అవసరమా కాదా అన్నది మీరే చెప్పాలి.

---

నాగావళి_ఒడ్డు, శుక్రవారం ఉదయం 8:05

నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. బిళ్లలు తీసేశాను. స్కెచ్ పెన్ను గీతకు కాస్త కింద, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలితో పట్టుకుంటున్నాను. చిటికెన వేలికి పని లేదు, మొదట రెండు రోజులు అది గాలిలో ఎక్కడ ఉండాలో తెలియక ఇబ్బంది పడింది. దవడ కింద ఫ్యాను చూపు, చర్మం లాగి పట్టడం. సోమవారం తర్వాత ఒక్క గాటు, అదీ కరెంటు పోయి ఫ్యానూ లైటూ ఆగినప్పుడు. దాన్ని రేజరు ఖాతాలో వేయను.

పిడి తొలిపించడం వద్దు లేతుమిషను గారూ. పాత రేజరు కూడా తీసి చూశాను. ఈ పట్టుతో గీస్తే అది మరీ తేలికగా, చేతిలో ఏమీ లేనట్టుగా ఉంది. శనాదివారాలు దానికి, మిగతా రోజులు దీనికి. ఇక్కడ పాతసామాను గారి మాట కూడా ఒప్పుకోవాలి. ఒకే పట్టుతో గీసినా కొత్త తల పాత తల కంటే కరుకే, మెడ మీద రెండో గీత ఇక వేయడం లేదు.

---

సాలూరు_లోడు, శుక్రవారం ఉదయం 8:31

మాట్లాడనన్నాను కానీ మాట్లాడుతున్నాను. గీత పెట్టి చూశాను. నేను రెండేళ్లుగా సరిగ్గా గీత మీదే పట్టుకుంటున్నాను. ఎవరూ చెప్పలేదు, చేయే వెతుక్కుంది. గాట్లు లేకపోవడం నా 120 గ్రాముల గొప్ప అనుకున్నాను.

---

తోటపాలెం, ఆదివారం సాయంత్రం 5:20

పిడి వచ్చింది, తల వచ్చింది. రెండూ కలిపి 39 గ్రాములు. ఇవాళ పొద్దున్న గీశాను. చిటికెన వేలు ఆయన గడ్డం మీద ఆనించాను, త్రాసు మీద ముందే సాధన చేసుకున్నాను, నలభై దాటలేదు. తువ్వాలు తీయగానే నాన్నగారు కళ్లు మూసుకున్నారు, పాత భయంతో. రెండు గీతలు అయ్యాక ఒక కన్ను తెరిచి చూశారు. తర్వాత రెండోది కూడా.

పై పెదవి దగ్గరికి వచ్చేసరికి ఎడమ చేయి ఎత్తి నా మణికట్టు పట్టుకున్నారు. నొప్పేమో అనుకున్నాను. మీసం చూపించారు, అటు రావద్దని.

---

మూడోతరం, ఆదివారం సాయంత్రం 5:48

మీసం కత్తిరించడానికి నేను వస్తానమ్మా. మంగళవారం కొట్టు సెలవు, ఆ రోజు పొద్దున్నే వస్తాను. నా దగ్గర చిన్న కత్తెర ఉంటుంది, రేజరు వద్దు.